కందనవోలులో మూడు చలానాలు

మా చిన్నాయనకి కర్నూలులో, బళ్ళారి చౌరస్తా వైపు, ఒక చిన్న టిఫిన్ సెంటరు ఉంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ. నేను ఉద్యోగానికి హైదరాబాదు వచ్చేటప్పుడు నా బండి ఆయనకే వదిలేసి వచ్చాను. ఆర్‌సీ నా పేరు మీదే ఉంది, ఫోన్ నంబరూ నాదే. అందుకని ఆయన హెల్మెట్ లేకుండా ఫొటోలో పడినప్పుడల్లా మెసేజ్ నాకొచ్చేది. 2023లో అట్లా మూడు వచ్చాయి. మొదటి దాంట్లో కాళ్ళ మధ్య బొరుగుల మూట. రెండో దాంట్లో హ్యాండిల్‌కి రెండు వైపులా మిరపకాయల సంచులు. మూడో దాంట్లో తల కొంచెం పైకెత్తి, సరిగ్గా కెమెరా వైపే చూస్తున్నాడు. ఆ ఫొటోని మా చెల్లెలు కత్తిరించి ఫ్యామిలీ గ్రూపులో స్టిక్కర్ చేసింది. చాన్నాళ్ళు ఎవరు గుడ్ మార్నింగ్ పెట్టినా జవాబుగా అదే వచ్చేది.

ఫోన్ చేసి చెబితే ఆయనకీ నవ్వే. "కడదాంలే రా. హైదరాబాదులో ముక్కాలు కొట్టేసినారంట గదా. మనకీ ఇడుస్తారు. తొందరేముండాది?"

నేనూ తొందరపడలేదు. ఆఫర్ వచ్చినప్పుడు కడదాం అనుకున్నా. ఈ వ్యాసం ఆ "అనుకున్నా" గురించే. కెమెరా పంపిన చలానా కట్టాలా వద్దా అని మనం చాయ్ దగ్గర వాదించుకుంటాం కదా, ఆ ప్రశ్నకి మా రాయలసీమలో ఏమన్నా పాత జవాబులు ఉన్నాయేమో అని వెతుక్కుంటూ పోయాను. కొన్ని దొరికాయి.

*

కర్నూలు పుట్టిందే బండ్లు ఆగిన చోట అని ఊళ్ళో అందరూ చెప్పే కథ. ఆలంపురం గుడి కట్టడానికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకి కందెన పెట్టుకునేవట. అందుకే కందెనవోలు, కందనవోలు, కందనూరు, చివరికి కర్నూలు. కడపది ఇంకో కథ. తిరుమలకి పోయే దారికి అది గడప. రెండు ఊర్ల పేర్లూ దారిని బట్టి వచ్చినవే.

దారి ఉన్నచోట వసూలు కూడా ఉంటుంది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా పోయాడు. సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు కాబట్టి డబ్బు సంగతులు బాగా గమనిస్తాడు. శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు నవాబు మనిషికింత, గుర్రానికింత అని వసూలు చేస్తున్నాడనీ, ఆ గుడి బాగోగులు మాత్రం పట్టించుకోవడం లేదనీ తన 'కాశీయాత్ర చరిత్ర'లో రాసుకున్నాడు. ఆ నవాబుని 1839లో కంపెనీ వాళ్ళు దించేశారు. వసూలు మీద ఆ ఫిర్యాదు మాత్రం దిగలేదు. "రోడ్డు మీద గుంతలు పూడ్చరు గానీ కెమెరాలు పెట్టి ఫైన్లు గుంజుతారు" అని ఇవాళ కర్నూలు ఆటోస్టాండులో వినిపించే మాట, వీరాస్వామయ్య మాటకి మనవడు లాంటిది.

ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ నవాబు తీసుకున్నది సుంకం. దారిన పోతున్నందుకు కట్టేది. తప్పు చేసినా చెయ్యకపోయినా ఒకటే రేటు. చలానా అది కాదు. సుంకాన్నీ జరిమానానీ ఒకే గాటన కట్టేయడం దగ్గరే మన గొడవ మొదలైందని నాకు అనిపిస్తుంది. ఆ తప్పు జనం ఒక్కరే చెయ్యలేదు, ప్రభుత్వాలూ చేశాయి.

*

తగ్గింపుల చరిత్ర చూస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. సీమలో పన్ను తగ్గించడం, మాఫీ చేయడం కొత్త సంగతి కాదు. రెండు పాత ఉదాహరణలు చెప్తాను.

మొదటిది మంగలివాళ్ళది. 1540ల్లో, విజయనగరంలో సదాశివరాయలు పేరుకి రాజు, పెత్తనం అళియ రామరాయలది. కొండోజు అనే మంగలి పనికి రామరాయలు మెచ్చి, మంగలివాళ్ళకి పన్నులు మాఫీ చేశాడు. ఆ సంగతి తెలుగు దేశంలోనూ కన్నడ దేశంలోనూ చాలా చోట్ల శాసనాలకెక్కింది. ఇది దయ. రాజుకి ఇష్టమైంది, వదిలేశాడు. రేటు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు.

రెండోది మన్రోది. 1800లో నిజాము ఈ జిల్లాలని కంపెనీకి అప్పగించాక, 1807 దాకా దత్తమండలాలకి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించినవాడు ఆయనే. గండి దగ్గర బంగారు తోరణం ఆయన కళ్ళకే కనబడిందని కడప జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు పిల్లలకి పెట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. అదే మన్రో 1807లో వెళ్ళిపోతూ, తాను వేయించిన శిస్తు ఎక్కువగా ఉందనీ, నూటికి ఇరవై అయిదు వంతులు తగ్గించాలనీ, చెరువులూ బావుల కింద భూములకి ఇంకొంచెం తగ్గించాలనీ పైవాళ్ళకి రాశాడు. అప్పుడు దక్కలేదు. 1820లో ఆయన మద్రాసుకి గవర్నరుగా తిరిగొచ్చాకే దక్కింది. ఇది దయ కాదు, ఒప్పుకోలు. లెక్క మావైపే తప్పింది, దిద్దుకుంటాం అనడం.

ఇప్పుడు మూడోది. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పేరుకుపోయిన చలానాల మీద రాయితీ ప్రకటించారు. టూవీలర్లు నాలుగో వంతు కడితే చాలు, కార్లు సగం. గడువు ఏప్రిల్ మధ్య దాకా పొడిగించారు. సుమారు 300 కోట్లు వచ్చాయి. 2023 డిసెంబరు 26న మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి టూవీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం, ఆర్టీసీ బస్సులకీ తోపుడు బండ్లకీ 90 శాతం తగ్గింపు. జనవరి 10 అన్న గడువు జనవరి నెలాఖరుకి, అక్కణ్ణుంచి ఫిబ్రవరి 15కి జరిగింది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటక కూడా సగం ధరకి ఇచ్చింది.

ఇది దయా? కాదు, ఎవరి మీదా ప్రత్యేకంగా మనసు కరగలేదు. ఒప్పుకోలా? అదీ కాదు. రేటు ఎక్కువైందని ఎవరూ అనలేదు. గడువు దాటితే మళ్ళీ పూర్తి రేటే. ఇది పండగ ముందు బట్టల షాపు పెట్టే ఆఫర్. పాత సరుకు వదిలించుకోవడం. దాంతో జనానికి అందిన పాఠం ఏమిటంటే, టైముకి కట్టినోడు అమాయకుడు, ఆగినోడు తెలివైనోడు. మా చిన్నాయన పదో తరగతి దాటలేదు. అయినా ఈ పాఠం రాష్ట్రం సరిహద్దు దాటి ఆయన దాకా వచ్చింది. పక్క రాష్ట్రంలో ఇచ్చారు కాబట్టి ఇక్కడా ఇస్తారని కూర్చున్నాడు. చదువుకున్న నేను కూడా కూర్చున్నా.

*

అసలు చలానా అంటే ఏమిటి? హిందుస్తానీలో 'చల్‌నా' నుంచి వచ్చిన మాట. చలాన్ అంటే పంపడం, పంపినదాంతో పాటు పోయే కాగితం. ఖజానాకి డబ్బు పంపితే దాంతో పోయేది చలానా. పోలీసులు నిందితుణ్ణి కోర్టుకి పంపితే వాడితో పాటు పోయేదీ చలానే. ఉత్తరాది కోర్టుల్లో చార్జిషీటుని ఇప్పటికీ చలాన్ అనే అంటారు. తెలుగులో మనకి మొదటి అర్థమే మిగిలింది. పరీక్ష ఫీజుకి బ్యాంకులో క్యూ కట్టి నింపిన కాగితం. కచేరీ మాటలు జనం నోట్లో పడి దారి మార్చుకోవడం మామూలే. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ ఇలాంటి మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు అని విడిగా ఒకటి అచ్చు వేయించాడు.

అంటే ట్రాఫిక్ చలానాకి అసలు అర్థం రెండోది. "నీ మీద ఈ ఆరోపణ ఉంది, వచ్చి జవాబు చెప్పు" అని. నువ్వు చెప్పగలిగే జవాబులు రెండు. అవును నేనే, ఇదిగో జరిమానా, ఇక్కడితో ముగించండి. లేదా, నేను కాదు, కోర్టులో చూసుకుందాం. మొదటి దాన్ని చట్టం కాంపౌండింగ్ అంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 200 అదే. డబ్బు కట్టడం ఆ జవాబు మీద పెట్టే సంతకం.

సంతకం సంగతి మరుగున పడి డబ్బు ఒక్కటే మిగలడంలో కెమెరా పాత్ర ఉంది. చేత్తో చలానా రాసే రోజుల్లో పోలీసు బండి ఆపేవాడు. వాదన, బతిమాలుడు, ఒక్కోసారి చేతులు మారే నోటు, అన్నీ ఉండేవి. ఆ కాలం మంచిదని నేననను. కానీ ఆగడం అంటూ ఒకటి జరిగేది. ఇప్పుడు బండి ఆగదు. రెండు రోజుల తర్వాత, ఆఫీసులో మీటింగ్ మధ్య, కరెంటు బిల్లు మెసేజ్‌కీ లోన్ ఇస్తామనే మెసేజ్‌కీ నడుమ ఇది వస్తుంది. బిల్లుల మధ్య వచ్చింది బిల్లులాగే కనబడుతుంది.

ఈ యంత్రం కథే తమాషా. మారిస్ గట్సోనిడెస్ అని నెదర్లాండ్స్‌లో ఒక కారు రేసు డ్రైవరు. మలుపుల్లో తన వేగం ఎంతో కచ్చితంగా తెలిస్తే ఇంకా జోరుగా పోవచ్చని కొలిచే పరికరం తయారు చేసుకున్నాడు. 1958లో కంపెనీ పెట్టాడు. ప్రపంచమంతా వేగం తగ్గించడానికి వాడిన స్పీడ్ కెమెరా అక్కణ్ణుంచి వచ్చింది. కొలత ఒకటే. ఏ ఉద్దేశంతో చదువుతామన్న దాన్ని బట్టి దాని పని మారిపోయింది.

*

కట్టనక్కర్లేదు అనేవాళ్ళ వాదనల్లో గట్టిది ఒకటుంది. కెమెరా చూసేది నంబరు ప్లేటుని, మనిషిని కాదు. మా వైపు బండి ఒకరిది, తోలేది ఇంకొకరు. సెకండ్ హ్యాండ్ బండి అమ్మి, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే, కొన్నవాడు పేరు మార్పించుకోడు. ఏళ్ళ తరబడి పాత ఓనరుకే మెసేజీలు. ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. అమెరికాలో మిన్నసోటా సుప్రీంకోర్టు 2007లోనూ, మిస్సోరీ సుప్రీంకోర్టు 2015లోనూ నగరాల కెమెరా టికెట్ పద్ధతుల్ని కొట్టేశాయి. ఓనరే నడిపాడని ముందే అనేసుకుని, కాదని నిరూపించుకునే బరువు అతని నెత్తిన పెట్టడం అక్కడ పెద్ద అభ్యంతరం అయింది.

మన చట్టం ఇంకో దారి పట్టింది. ఎవరు నడిపారో అడిగినప్పుడు చెప్పడం ఓనరు బాధ్యత అని సెక్షన్ 133 అంటుంది. 2019 సవరణతో సెక్షన్ 136ఎ వచ్చి, రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా పెట్టమంది. 2021 ఆగస్టులో కేంద్రం దానికి నియమాలు రాసింది. పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, అది ఏటా కొత్తది కావాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. చలానాలో తప్పు, నంబరు ప్లేటు రెండూ కనిపించే ఫొటో, తేదీ, సమయం, చోటు ఉండాలి. పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. ఈ ఏర్పాటు ముందుగా రావలసిన ఊర్ల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖలతో పాటు కర్నూలు, కడప కూడా ఉన్నాయి. ఎక్కడో కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఒకాయన 2012లో వేసిన కేసులో, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ని అమలు చేయమని రాష్ట్రాలకి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

ఆ నియమాలన్నీ మనకోసం రాసినవే. ఫొటోలో ప్లేటు కనపడకపోతే, నోటీసు నెల తర్వాత వస్తే, బండి అమ్మేసి ఉంటే, కట్టకండి. కానీ ఊరికే ఉండకండి. రాసి పంపండి, కోర్టు అడగండి. "కాదు" అనడం కూడా జవాబే. జవాబు కానిది ఒక్కటే, ఏమీ చెయ్యకుండా ఆఫర్ కోసం చూడటం. అందులో తప్పు ఒప్పుకోవడమూ లేదు, ఎదిరించడమూ లేదు. ప్రభుత్వం పద్ధతి మీద కోపంతో కట్టట్లేదని చెప్పుకునేవాళ్ళలో చాలామందిమి నిజానికి ఇక్కడే ఉన్నాం. నేనైతే ఇక్కడే ఉన్నా.

*

2024 మే నెలలో ఒక తెల్లవారుజామున చిన్నాయన మార్కెట్ నుంచి వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. పెద్ద వేగం కూడా లేదు. బండికి ఒక అద్దం పగిలింది, అంతే. ఆయన తల వెనక భాగం రోడ్డుకి తగిలింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. బతికాడు, నడుస్తున్నాడు, మాట బాగానే ఉంది. ఇంటికొచ్చిన వారానికి చిన్నమ్మ కనిపెట్టింది. పొయ్యి మీద తాలింపు మాడిపోతుంటే ఆయన పక్కనే నిలబడి పేపర్ చదువుతున్నాడు. వాసన పోయింది. తల కదిలిపోయినప్పుడు ముక్కు పైన ఉండే సన్నటి నరాలు తెగుతాయట, ఒక్కోసారి తిరిగి రావట. ఇప్పుడు ఆయన మూకుడు ముందు నిలబడి, "చూడు, ఏగినాదా? మాడ్తాందా?" అని అడుగుతుంటాడు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పని.

హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు పనికిరాదని సెక్షన్ 194డి చెబుతుంది. ఆ రెండో ముక్క ఎవరూ అమలు చెయ్యగా మేం చూడలేదు. చేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. కానీ మూడు సార్లు ఎవరో ఒకరు, యంత్రమే అనుకోండి, ఈ మనిషి తల మీద ఏమీ లేదు అని నాకు రాతపూర్వకంగా చెప్పారు. ఫొటోతో సహా. నేను స్టిక్కర్ చూసి నవ్వుకున్నా.

ఇది నా ఇంటి సంగతి. ఏడాదిన్నర తర్వాత కర్నూలు పేరు దేశమంతా వినపడింది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర, జాతీయ రహదారి 44 మీద కాలిపోయింది. అప్పటికే పడిపోయి రోడ్డు మీద ఉన్న ఒక బైకుని బస్సు ఈడ్చుకుపోయింది. బస్సులో 19 మంది చనిపోయారు. ఆ బైకు నడిపిన యువకుడూ పోయాడు. అతను తాగి ఉన్నాడని తర్వాత పోలీసులు చెప్పారు. ఆ రోజు సాయంత్రానికే ఇంకో లెక్క బయటికొచ్చింది. ఆ బస్సు మీద తెలంగాణలో 16 చలానాలు కట్టకుండా ఉన్నాయి. మొత్తం 23,120 రూపాయలు. తొమ్మిది నో ఎంట్రీలోకి పోయినందుకు. మిగతావాటిలో అతివేగం, ప్రమాదకరంగా నడపడం ఉన్నాయి.

టీవీల్లో అందరూ ఆ 23,120 గురించే మాట్లాడారు. కట్టలేదు, కట్టలేదు అని. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టక ఒకటే ఆలోచన. కట్టి ఉంటే? యజమాని పొద్దున్నే ఫోన్ తీసి, తగ్గింపులో మొత్తం తీర్చేసి ఉంటే? రికార్డులో బాకీ సున్నా అని చూపించేది. బస్సు అదే బస్సు. చలానాలు కట్టిన బస్సుకీ కట్టని బస్సుకీ తేడా లేదు. ఆ చలానాలకీ ఆ మంటకీ నేరుగా ముడి పెట్టడం కూడా సరికాదు. చదవాల్సిన అంకె 23,120 కాదు, 16. రెండేళ్ళ లోపు పదహారు సార్లు ఆ బండి గురించి ఎవరో చెప్పారు. పదహారు సార్లూ అది బాకీ ఖాతాలో పడింది, ఇంకెక్కడా పడలేదు. ఏ ఆఫీసులోనూ, ఏ టేబుల్ మీదా, ఈ బండిని ఆపి ఒకసారి చూద్దాం అనే ప్రశ్నగా మారలేదు. నా ఫోన్‌లో మూడు అంకె ప్రశ్నగా మారనట్టే.

కాబట్టి, కట్టాలా? కట్టాలి. తప్పు మనదైతే పూర్తిగా, ఆఫర్ కోసం చూడకుండా. తప్పు మనది కాకపోతే కట్టకుండా పోరాడాలి. కానీ కట్టేశాం కాబట్టి అయిపోయింది అనుకునే హక్కు మనకి లేదు, వసూలైంది కాబట్టి అయిపోయింది అనుకునే హక్కు ప్రభుత్వానికీ లేదు. జరిమానా ఎక్కువనిపిస్తే మన్రోలాగా ఒప్పుకుని రేటే తగ్గించాలి. తోపుడు బండివాడికీ ఏసీ బస్సు యజమానికీ ఒకే తప్పుకి ఒకే బరువు ఉండకూడదు అనుకుంటే అదీ చట్టంలోనే రాయాలి. రెండేళ్ళకోసారి ఆఫర్ పెట్టి, పదహారు అనే అంకెని చెరిపేయకూడదు.

మొన్న సంక్రాంతికి కర్నూలు పోయినప్పుడు ఆ మూడు చలానాలూ కట్టేశాను. పూర్తి మొత్తం. చిన్నాయన పక్కనే కూర్చుని ఫోన్‌లోకి తొంగి చూశాడు. ఫొటో పెద్దది చేసి చూపించమన్నాడు. మూడో ఫొటో, కెమెరా వైపు చూస్తున్నది. చాలాసేపు చూసి, "ఆ పొద్దు గోంగూర తెచ్చినా రా. బండి మీద పోతాంటే ఒగటే వాసన" అన్నాడు.

రసీదు డౌన్‌లోడ్ అయింది. మా చెల్లెలు గ్రూపులోంచి ఆ స్టిక్కర్ ఎప్పుడు తీసేసిందో నేను గమనించలేదు.